బంధాల్లో మోసం మీద పరిశోధన: ఏ పద్ధతి ఎంచుకోవాలి?

వ్యాఖ్యాత: నమస్కారం. భాగస్వామి దగ్గరే నిజం దాచే మనిషి పరిశోధకుడికి నిజం చెబుతాడా? సార్, మీరు సర్వేల మనిషి. మీతోనే మొదలుపెడదాం.

సర్వే నిపుణుడు: నేరుగా అడిగితే చాలామంది చెప్పరు. అందుకే 1965లో స్టాన్లీ వార్నర్ యాదృచ్ఛిక స్పందన పద్ధతిని ప్రతిపాదించారు. ఇప్పుడు వాడే ఒక రూపం చెబుతాను. జవాబిచ్చేవాళ్లు ఎవరికీ కనపడకుండా నాణెం వేస్తారు. బొమ్మ పడితే ఏమైనా సరే ‘అవును’ అనాలి, బొరుసు పడితే నిజం చెప్పాలి. 1,000 మందిలో 600 మంది ‘అవును’ అన్నారనుకోండి. అందులో సుమారు 500 నాణెం వల్ల వచ్చినవే. మిగతా 500 మందిలో 100, అంటే దాదాపు 20 శాతం. ఎవరు తప్పు చేశారో మాత్రం మనకు తెలియదు.

అధ్యాపకురాలు: లెక్క బాగుంది సార్. కానీ ఎందుకు దాచారన్నది అందులో రాదు. పైగా ‘మోసం చేశారా?’ అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారు. ‘గత నెలలో చెప్పకుండా అప్పు చేశారా?’ అన్నట్టు, చేసిన పని గురించి అడగాలి.

వ్యాఖ్యాత: మరి డైరీ పద్ధతి?

అధ్యాపకురాలు: దాని గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి. 1996లో బెల్లా డిపాలో బృందం 77 మంది విద్యార్థులతో, 70 మంది ఇతరులతో వారం పాటు తాము ఆడిన ప్రతి అబద్ధాన్నీ రాయించింది. విద్యార్థులు సగటున రోజుకు రెండు, మిగతావాళ్లు ఒకటి రాశారు. మాట్లాడిన సందర్భాలతో పోల్చి చూస్తే, సన్నిహితులకు చెప్పిన అబద్ధాలు తక్కువే! హమ్మయ్య అనిపిస్తుంది కదా. తర్వాత 2004లో అదే పరిశోధకురాలి బృందం, జీవితంలోని అత్యంత తీవ్రమైన అబద్ధం గురించి రాయమంది. అప్పుడు ఎక్కువగా బయటికొచ్చింది దగ్గరివాళ్ల మధ్య అబద్ధాలే. డైరీకి రోజువారీ చిన్న అబద్ధాలు దొరుకుతాయి. ఎప్పుడో ఒక్కసారి జరిగి బంధాన్నే కదిలించేది ఆ వారంలో జరగకపోవచ్చు. డైరీ ఒక్కటే చేసి ‘ప్రేమ ఉన్నచోట అబద్ధం తక్కువ’ అని తేల్చేస్తే నాకు బాధగా ఉంటుంది.

వ్యాఖ్యాత: జంటను ఎదురుగా కూర్చోబెట్టి గమనిస్తే?

సర్వే నిపుణుడు: వద్దు. 2006లో బాండ్, డిపాలో ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే, మనుషులు నిజాన్నీ అబద్ధాన్నీ సరిగ్గా గుర్తించింది సగటున 54 శాతమే. నాణెం వేసి చెప్పినదానికీ దానికీ పెద్ద తేడా లేదు.

కౌన్సెలర్: నాకు అసలు టెన్షన్ వేరే. ఇద్దరినీ విడిగా ఇంటర్వ్యూ చేశారు, ఒకరి రహస్యం మీకు తెలిసింది. రెండో మనిషిని ‘మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా?’ అని అడగడమే చాలు, ఆ ఇంట్లో అనుమానం మొదలవడానికి. ఇద్దరూ వాడే ఫోన్‌కు ప్రశ్నాపత్రం పంపడమూ ప్రమాదమే. పేర్లు మార్చి రిపోర్టు రాసినా, చదివిన భాగస్వామి సంఘటనను బట్టి గుర్తుపట్టేస్తారు.

వ్యాఖ్యాత: ఒక్క పద్ధతికే సమయం ఉన్న విద్యార్థికి ఏం చెబుతారు?

కౌన్సెలర్: ముగిసిపోయిన బంధాల గురించి, ఒక వైపు వాళ్లనే ఇంటర్వ్యూ చేయమంటాను. మధ్యలో ఎప్పుడైనా ఆపేసే హక్కు వాళ్లకుందని ముందే చెప్పాలి.

అధ్యాపకురాలు: నేనూ అదే అంటాను. జ్ఞాపకం మారిపోతుంది, నిజమే. అందుకే ‘ఏం జరిగింది’ అన్నదానికి దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు. ఆ మనిషి దాన్ని ఇప్పుడు ఎలా అర్థం చేసుకుంటున్నారో తెలుసుకోవడమే పరిశోధన ప్రశ్న కావాలి. ఎంతమంది మోసం చేస్తారో చెప్పమంటే మాత్రం సార్ నాణెమే కావాలి.

సర్వే నిపుణుడు: దానికి పెద్ద శాంపిల్ కావాలి మేడమ్. నలభై మందితో చేస్తే వచ్చిన శాతాన్ని నేనే నమ్మను.