కల్పన పేరున్న నౌకలో టాయిలెట్టా?
(2020 అక్టోబర్ మొదటి వారపు స్టూడియో చర్చ నుంచి. ఎవరేమన్నారో వినబడినంత వరకు రాశాం.)

యాంకర్: నమస్కారం. మన కల్పనా చావ్లా పేరు పెట్టిన సిగ్నస్ సరుకు నౌక సోమవారం అంతరిక్ష కేంద్రానికి చేరింది. అందులో కొత్త టాయిలెట్ ఉంది. ఇది గౌరవమా, అవమానమా? ఇంజినీర్ గారూ, మీరు.

ఇంజినీర్: ముందు ఆ నౌక సంగతి చెప్తానండీ. మనుషులుండరు. దాదాపు 3,600 కిలోల సరుకుతో దగ్గరికొచ్చి నిలబడితే, కేంద్రం లోపలి నుంచి వ్యోమగామి క్రిస్ క్యాసిడీ రోబో చేత్తో...

విశ్లేషకుడు: ఆ టాయిలెట్ ఖరీదు చెప్పండి సార్! 2.3 కోట్ల డాలర్లు! మన లెక్కలో దాదాపు 170 కోట్లు! కరోనాతో జనం బెడ్లు దొరక్క తిరుగుతుంటే!

ఇంజినీర్: డబ్బు అమెరికా వాళ్లది కదండీ.

విశ్లేషకుడు: ఎవరిదైతేనేం? 170 కోట్లు!

లెక్చరర్: నేను మాట్లాడొచ్చా? అక్కడ ఏదీ కిందికి పడదు, గాలితో లాగాలి. పాతది ఆడవాళ్లకు ఇబ్బంది. ఇది వాళ్లకూ వీలుగా చేశారు, పైగా చిన్నది. మూత్రాన్ని శుద్ధి చేసి మళ్లీ నీళ్లుగా...

విశ్లేషకుడు: ఛీ! భోజనాల టైమండీ!

యాంకర్: మేడమ్, గౌరవమా, అవమానమా?

లెక్చరర్: అసలు ప్రశ్న అది కాదండీ.

యాంకర్: పని అయ్యాక ఆ నౌకలో చెత్త నింపి, వాతావరణంలో కాల్చేస్తారట. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌకలో కల్పన కూడా...

ఇంజినీర్: అలా ముడిపెట్టకండి. కొలంబియా కమాండర్ రిక్ హస్బెండ్ పేరు కూడా 2016లో ఇంకో సిగ్నస్‌కు పెట్టారు. పోయినవాళ్లను తలుచుకునే పద్ధతి వాళ్లది.

విశ్లేషకుడు: చూశారా! 170 కోట్లు కాల్చేస్తారు!

ఇంజినీర్: టాయిలెట్ కాలదండీ! అది స్టేషన్‌లోనే ఉంటుంది. కాలేది నౌక.

విశ్లేషకుడు: ఏదో ఒకటి కాలుతోంది కదా?

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. లెక్చరర్ గారి మాట అసలు వినబడలేదు.)

యాంకర్: ముల్లంగి విత్తనాలు కూడా పంపారట?

లెక్చరర్: అవునండీ, త్వరగా చేతికొచ్చే పంట. ఆకూ తినొచ్చు, దుంపా...

విశ్లేషకుడు: ముల్లంగి సాంబారు పెట్టుకుంటారా అక్కడ? మా ఇంట్లో వండితే వీధి చివరిదాకా వాసన! తలుపులు తీయడానికి వీల్లేని చోట ఎలాగండీ?

యాంకర్: (నవ్వు) మంచి పాయింట్.

ఇంజినీర్: నేను ఆ రోబో చేయి గురించి పూర్తి చేయలేదు...

యాంకర్: టైమ్ లేదు సార్. 170 కోట్ల ప్రశ్నకు మాత్రం ఇక్కడ ఎవరూ జవాబివ్వలేదు.

ఇంజినీర్: ఇచ్చాను కదండీ, అది స్టేషన్‌లోనే...

(మైక్ ఆగిపోయింది.)

విశ్లేషకుడు: 170 కోట్లు!

యాంకర్: చిన్న బ్రేక్.