ఒక్క గొంతుతో ఆడిన నాటకం

శ్రోతలకు నమస్కారం.

1857 ప్రాంతంలో అమెరికాలోని బానిసత్వ వ్యతిరేక సభల్లో ఒక మనిషి ఉపన్యాసానికి బదులు నాటకం చదివేవాడు. మన ఏకపాత్రాభినయంలా యజమాని, యజమానురాలు, బానిసలు, అందరి మాటలూ తన గొంతులోనే. ఆయన విలియం వెల్స్ బ్రౌన్. 1858లో బోస్టన్‌లో ఆ నాటకం 'ది ఎస్కేప్' పేరుతో అచ్చయింది.

బ్రౌన్ కెంటకీలో బానిసగా పుట్టాడు. కుర్రతనంలో అతన్ని సెయింట్ లూయిస్‌లో ఒక బానిసల వ్యాపారికి అద్దెకిచ్చారు. అక్కడ అతని పనేమిటో వినండి. ముసలివాళ్ల నెరిసిన వెంట్రుకలు పీకాలి, మిగిలినవాటికి నల్లరంగు వేయాలి. హుషారుగా కనిపిస్తే మంచి ధర పలుకుతుందని, ఏడుస్తున్నవాళ్లతోనే డాన్స్ చేయించాలి. 1833లో తల్లిని తీసుకుని పారిపోతే ఇద్దరూ పట్టుబడ్డారు. ఆ తల్లిని దక్షిణాదికి అమ్మేశారు. మరుసటి జనవరి 1న సిన్సినాటిలో ఓడ దిగి అతను ఒంటరిగా తప్పించుకున్నాడు.

నాటకంలో గ్లెన్, మెలిండా రహస్యంగా పెళ్లి చేసుకున్న బానిసలు. మెలిండా యజమాని డాక్టర్ గెయిన్స్ కన్ను ఆమె మీద పడుతుంది. ఆయన భార్య కోపమంతా మెలిండా మీదే; విషం తాగమని బలవంతపెడుతుంది.

ఈ ప్రేమజంట సంభాషణలు నాకు కాస్త పుస్తకాల భాషలా అనిపిస్తాయి. ప్రాణమున్న పాత్ర కేటో. డాక్టరు దగ్గర మందులు కలిపే బానిస. రోగికి ఒక పన్ను బదులు ఇంకో పన్ను పీకేస్తాడు. తెల్లవాళ్లు ముఖాలకు మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించే షోలు బాగా నడుస్తున్న కాలమది, కాబట్టి ప్రేక్షకులు వెంటనే నవ్వేస్తారు. యజమాని ముందు ఎంతో విధేయంగా ఉండే ఆ కేటోయే ఒంటరిగా ఉన్నప్పుడు స్వేచ్ఛ గురించి పాడుకుంటాడు. పారిపోయినవాళ్లను పట్టుకోవడానికి యజమాని వెంట తీసుకెళితే, దారిలో తనూ పారిపోతాడు. అప్పటిదాకా చూసి నవ్వినవాళ్లకు, నటిస్తున్నది ఎవరో, ఎందుకో అప్పుడు తెలుస్తుంది. బానిసల సంతలో ఏడుపు దాచుకుని డాన్స్ చేసినవాళ్లను కళ్లారా చూసిన మనిషే ఇలాంటి పాత్రను రాయగలడని నా నమ్మకం.

కథ నయాగరా దగ్గర ముగుస్తుంది, కెనడాకు పడవ ఎక్కే చోట. 1850 నాటి చట్టం వచ్చాక, పారిపోయి ఉత్తరాది రాష్ట్రాలకు చేరినవాళ్లనూ పట్టి యజమానులకు అప్పగించడం తేలికైంది; అందుకే కెనడా దాకా పోవాలి. అప్పటికే ఇంగ్లండ్‌లో ఉన్న బ్రౌన్ కూడా అక్కడే ఆగిపోవలసి వచ్చింది; అక్కడి మిత్రులు 1854లో యజమానికి డబ్బు కట్టి ఆయన్ను విడిపించాకే తిరిగొచ్చాడు. ఆ పడవ దృశ్యం ఆయన ఊహించి రాసింది కాదు. ఈరీ సరస్సు మీద ఓడల్లో పనిచేసే రోజుల్లో, 1842లో మే నుంచి డిసెంబరు లోపల, పారిపోయి వచ్చిన 69 మందిని ఆయనే కెనడాకు చేర్చాడు.