మృగశిర చేప, మట్టి వాసన

(జూన్ 7 సాయంత్రం నెల్లూరులో ఒక గ్రంథాలయం వేసవి సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి రావడం లేదని నాకూ తెలుసు. రోహిణి కార్తె వెళ్తూ వెళ్తూ కూడా తన పని చేసుకునే వెళ్తుంది. రోహిణిలో రోళ్లు పగులుతాయని ఊరికే అన్నారా? ముందు వరసలో ఉన్న అమ్మలు అట్టముక్కలతో విసురుకుంటూనే వినండి, నేనేమీ అనుకోను.

'వేసవిలో తిండి పండగలు' అనే అంశం మీద మాట్లాడమన్నారు. నేను ముప్ఫై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. వంట గురించి నన్నెందుకు పిలిచారా అని కాస్త టెన్షన్ పడ్డాను. అయినా ఒప్పుకోవడానికి కారణం మా మనవడు. వాడు అమెరికాలో ఉంటాడు. మొన్న శుక్రవారం పొద్దున్నే ఫోన్‌కి ఒక ఫొటో పంపాడు. మన గారెలాగా మధ్యలో చిల్లు, పైన పంచదార పాకం. "తాతా, ఇవాళ డోనట్ డే" అని కింద రాశాడు. గారెలకు కూడా ఒక రోజు పెట్టుకున్నారా వీళ్లు అని నవ్వుకున్నాను. తర్వాత చదివితే నవ్వు ఆగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో ఉన్న అమెరికా సైనికులకు సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ ఆడవాళ్లు అక్కడే నూనె కాచి డోనట్లు వేసి పెట్టేవాళ్లట. వాళ్ల గుర్తుగా 1938లో చికాగోలో మొదలుపెట్టిన రోజు అది. జూన్ నెల మొదటి శుక్రవారం. దాని వెనక ఆకలి ఉంది, వండిన చేతులున్నాయి. సరే, ఒప్పుకుందాం.

అన్నిటినీ ఇలా ఒప్పుకోలేం. జులై మూడో ఆదివారం ఐస్‌క్రీమ్ దినం. 1984లో అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించాడు. పాల వ్యాపారం పుంజుకోవాలని చేసిన పని అది. జులై 22 మామిడి దినం అని మనవాళ్లు ఏటా మెసేజీలు పంపుకుంటారు. జులై 22కి మనకు బంగినపల్లి ఎక్కడుంటుందండీ? టెంకలు కూడా పెంటదిబ్బలో మొలకెత్తి ఉంటాయి. జూన్ 1 పాల దినం, దాన్ని 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ పెట్టింది. పాలంటే పశువులు గుర్తొచ్చాయి కాబట్టి ఒక్క ముక్క చెప్పి ముందుకు పోతాను. బ్రెజిల్లో మందలు మందలుగా కనిపించే తెల్ల పశువుల జాతి పేరు 'నెలోర్'. అవి మన ఒంగోలు పశువులే. 1868లో ఇంగ్లండు పోతున్న ఓడ ఒకటి అక్కడి సాల్వడార్ రేవులో ఆగినప్పుడు ఒక జతను అమ్మారని చెబుతారు. ఒంగోలు పశువుకు నెల్లూరు పేరెందుకు అంటే, అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక అటు వెళ్లింది. ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో. సభలో ఒంగోలు వాళ్లెవరైనా ఉంటే నన్ను క్షమించాలి, పేరు పెట్టింది నేను కాదు.

ఇక రేపటి సంగతి. రేపు మృగశిర కార్తె ప్రవేశం. దీన్ని ఏ ప్రభుత్వమూ ప్రకటించలేదు, ఏ కంపెనీ ప్రకటనా వేయలేదు. అయినా రేపు పొద్దున ఆరింటికి చేపల మార్కెట్లో కాలు పెట్టడానికి చోటుండదు. సూర్యుడు ఏడాదిలో 27 నక్షత్రాలు చుట్టి వస్తాడని మన లెక్క. 365ని 27తో భాగిస్తే పదమూడున్నర వస్తుంది. అందుకే ఒక్కో కార్తె 13 రోజులో, 14 రోజులో ఉంటుంది. రోహిణి పోయి మృగశిర వచ్చేది సాధారణంగా జూన్ 7న గానీ 8న గానీ. ఎండ పోయి చలువ మొదలవుతుంది, ఒంట్లో వేడి నిలబడాలి, కాబట్టి చేప తినాలని పెద్దవాళ్లు చెప్పారు. చేప తినని ఇళ్లలో ఇంగువా బెల్లం కలిపి ఉండ చేసి మింగుతారు. హైదరాబాదులో ఉబ్బసానికని బతికున్న చిన్న కొరమీను నోట్లో మందు పెట్టి మింగిస్తారు. దాని మీద డాక్టర్ల మాటే నా మాట కూడా, ఉబ్బసానికి ఇన్‌హేలర్ వాడండి.

మృగశిరలో ముంగిళ్లు చల్లబడతాయని సామెత. నెల్లూరు ముంగిలి ఎప్పుడైనా జూన్ 8న చల్లబడిందా? నా డెబ్బయ్యేళ్లలో ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నైరుతి వానలు మనల్ని పక్కనుంచి పలకరించి పోతాయి. మన ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, ఈశాన్య గాలులతో, తుపాన్లతో పడేదే. అంటే ఈ సామెత మన వాకిట్లో పుట్టింది కాదు, పై జిల్లాల నుంచి నడిచి వచ్చింది. చేప మాత్రం మనం మానలేదు. వాన ఊసు లేకపోయినా, చెమటలు కక్కుతూ అయినా పులుసు కాచుకుంటాం.

ఇంకో తమాషా ఉంది. జూన్ 8 ప్రపంచ మహాసముద్రాల దినం కూడా. ఐక్యరాజ్యసమితి 2009 నుంచి జరుపుతోంది. అదే రోజు మన సముద్రం మూత! తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లూ ఇంజను పడవలూ వేటకు పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ నిషేధం. మైపాడులో, జువ్వలదిన్నెలో, అటు కొత్తపట్నంలో పడవలు ఒడ్డున బోర్లా పడి ఉంటాయి, మగవాళ్లు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటుంటారు. పడమటి తీరంలో జూన్ 1న మొదలై జులై 31 దాకా నిషేధం. అంటే ఈ రెండు వారాలూ దేశానికి రెండు వైపులా తలుపులు వేసి ఉన్నట్టే. తెడ్డుతో, తెరచాపతో పోయే చిన్న పడవలకు మినహాయింపు ఉంది గానీ, అవి తెచ్చేది ఎంత? కాబట్టి రేపు మీకు "ఇప్పుడే దిగింది సార్" అని చూపించే పెద్ద వంజరం ఎక్కణ్ణుంచి దిగిందో కాస్త అడగండి. ఐసు గదిలోంచి దిగి ఉంటుంది.

ఐసు అన్నాను కాబట్టి చెబుతాను. 1833లో బోస్టన్ నుంచి 'టస్కనీ' అనే ఓడ కలకత్తాకు ఐసు తెచ్చింది. బోస్టన్ వైపు చెరువుల మీద చలికాలంలో గడ్డకట్టిన మంచును రంపాలతో కోసి, రంపపు పొట్టులో పొదిగి, 180 టన్నులు ఎక్కించారు. నాలుగు నెలలు ప్రయాణం చేసి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి వచ్చేసరికి 100 టన్నుల దాకా మిగిలింది. 1840ల్లో మద్రాసుకూ వచ్చింది. దాన్ని దాచడానికి సముద్రం ఒడ్డున కట్టిన గుండ్రటి ఇల్లే ఐస్ హౌస్. మెరీనాకు వెళ్లినప్పుడు మీరంతా చూసే ఉంటారు, 1897లో వివేకానందుడు బస చేసిన ఇల్లు. అప్పట్లో అది దొరల గ్లాసుల్లోకి. చేపకు ఐసు పెట్టే భాగ్యం మనకు చాలా తర్వాత వచ్చింది.

మరి ఐసు లేని రోజుల్లో, సముద్రానికి ఇరవై ముప్ఫై మైళ్ల దూరంలో ఉన్న ఊళ్లలో, జూన్ నెలలో ఏ చేప తిన్నారు? చెరువు చేప. అది కూడా ఎండిపోతున్న చెరువులో చేప.

ఆత్మకూరు వైపు మా అవ్వ వాళ్ల ఊరు. మే నెలాఖరుకు చెరువులో నీళ్లు మోకాలి లోతుకు దిగేవి. ఒక రోజు చాటింపు వేసేవాళ్లు. ఊరు ఊరంతా బురదలోకి దిగేది. కొందరి చేతుల్లో చేపలు పట్టే ఊతలు, కొందరి చేతుల్లో పాత పంచెలు, పిల్లల చేతుల్లో తట్టలు. బొచ్చెలూ శీలావతులూ ముందే తేలిపోయి దొరికిపోయేవి. వేడి నీళ్లలో వాటికి ఊపిరి అందదు. ఆఖరుకు మిగిలేవి కొరమీను, మార్పు, ఇంగిలాయి చేపలు. వీటికి మొప్పలతో పాటు పైగాలి పీల్చుకునే ఏర్పాటు కూడా ఉంటుంది. తడి బురద ఉంటే చాలు, బతుకుతాయి. మృగశిరకు కొరమీనే కావాలని జనం పట్టుబట్టడానికి కారణం ఇదేనని నా అనుమానం. ఆ రోజుకి బతికి ఉండే కొద్ది చేపల్లో అదొకటి. రుజువు లేదు, అనుమానమే. ఒకసారి నేనే ఒక కొరమీనును పట్టి, గొప్పగా మోసుకొచ్చి, బావి నీళ్ల బకెట్లో వేసి పడుకున్నాను. తెల్లారి చూస్తే బకెట్ ఖాళీ. పిల్లి తినేసిందని ఏడ్చాను. అవ్వ వెతికితే జాలారి గుంటలో తడిమట్టిలో దొరికింది, బతికే ఉంది.

దాన్ని ఆవిడ కడిగిన పద్ధతి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కొరమీను చేతికి చిక్కదు, జారిపోతుంది. గుప్పెడు పొయ్యి బూడిద చల్లితే అప్పుడు పట్టు దొరుకుతుంది. గరుకు బండ మీద వేసి, పొలుసు పోయి తోలు తెల్లబడేదాకా రుద్దేది. తర్వాత కల్లుప్పు, తర్వాత పసుపు, మళ్లీ కల్లుప్పు. ఒక్కో విడతకీ నీళ్లు మార్చి ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. "ఇంకా మన్ను కంపు కొడతా ఉంది" అని మళ్లీ రుద్దేది. అరగంట పట్టేది. ఆ సాయంత్రమే, ఎన్నడూ లేనిది, నాలుగు చినుకులు పడ్డాయి. అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వాకిట్లోకొచ్చి నిలబడింది. గట్టిగా ఊపిరి పీల్చి, "అబ్బ, మన్ను వాసన ఎంత బాగుందిరా" అంది.

లెక్చరర్‌నయ్యాక ఒక రోజు స్టాఫ్ రూములో చదువుకుంటుంటే ఆ సాయంత్రం గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను. తొలివానకు నేల నుంచి లేచే వాసనలో ముఖ్యమైన పదార్థం పేరు జియోస్మిన్. 1965లో పెట్టిన పేరు. గ్రీకులో జియో అంటే భూమి, ఆస్మే అంటే వాసన. నేలలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. చెరువులో పచ్చగా తేలే నాచు లాంటి సైనోబ్యాక్టీరియా కూడా దాన్నే తయారుచేస్తుంది. అది నీళ్లలోంచి చేప కొవ్వులోకి, తోలులోకి చేరుతుంది. మన ముక్కు దాన్ని లక్ష కోట్లలో కొన్ని వంతులున్నా పట్టేస్తుంది. అవ్వ పొద్దున కంపని కడిగిందీ, సాయంత్రం వాసనని మురిసిందీ ఒక్కటే!

ఈ జియోస్మిన్‌కు పులుపు పడదు. ఆమ్లం తగిలితే విరిగిపోయి వాసన పోతుంది. సముద్రపు చేప నీచు వేరే సంగతి. అది ట్రైమిథైలమీన్ అనే క్షారం. దాన్ని కూడా పులుపే కట్టేసి గాలిలోకి లేవకుండా చేస్తుంది. చెరువు చేపకైనా, సముద్రపు చేపకైనా మందు ఒకటే. అందుకే ఈ జిల్లాలో చేప అంటే పులుసు. చింతపండు చాలదని మామిడికాయ ముక్కలు కూడా వేస్తాం. పేరు తెలియకుండానే ఆ చట్టిలో మనవాళ్లు చేసింది కెమిస్ట్రీ.

ఆ చట్టిలో ఏది ఎక్కడిదో కూడా చూడండి. మామిడి ఈ నేలదే. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. వచ్చి ఎన్ని వందల ఏళ్లయిందో గానీ, అరబ్బులు దాన్ని 'తమర్ హిందీ', అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు, అంతగా మనదైపోయింది. మిరప, టమాటా అమెరికా ఖండాలవి. మిరప 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో ఈ దేశానికొచ్చింది. మన పక్కనే పులికాట్‌లో వాళ్లకు వర్తక స్థావరం ఉండేది. అంతకు ముందు మన ముత్తాతల ముత్తాతలు కారానికి మిరియమే వాడారు. నెల్లూరు చేపల పులుసు ఎర్రగా ఉండాలనే పట్టుదలకు అయిదు వందల ఏళ్లు కూడా లేవన్నమాట. దీనికి బాధపడేవాళ్లు ఒకసారి మిరియాలతో కాచి చూడండి. నేను చూశాను. ఇంట్లో ఎవరూ రెండో ముద్ద తినలేదు.

పులుసు మర్నాటికి బాగుంటుందనేది కూడా ఉత్త మాట కాదు. పులుపూ ఉప్పూ ముక్క లోపలికి దిగడానికి టైము కావాలి. ముక్కలు వేశాక గరిటె పెట్టకండి, చట్టిని గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. మెంతులూ ఆవాలూ జీలకర్రా వేయించి కొట్టిన పొడి దించే ముందు చల్లండి, ముందే వేస్తే చేదెక్కుతుంది.

రేపు కొరమీను కొనేవాళ్లు తొట్టిలో కదులుతున్నదే అడగండి. చచ్చినదైతే మొప్పలెత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. కోసేవాళ్ల దగ్గర బూడిద ఉండదు, హడావుడిగా తోలు మీద నీళ్లు కొట్టి ఇచ్చేస్తారు, కాబట్టి ఇంటికెళ్లాక కల్లుప్పుతో మీరే రుద్దుకోవాలి. అవ్వలాగా ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. మామిడికాయలు ఈ వారం దాటితే గట్టివి దొరకవు. మా ఇంటావిడ కొత్త చట్టి కొని, గంజి పోసి రెండు రోజులుగా నానబెట్టింది. కాయలు తీసుకురమ్మని ఇందాకట్నుంచి రెండుసార్లు ఫోన్ చేసింది, మీరు చూసే ఉంటారు. మార్కెట్ కట్టేసేలోపు నేను వెళ్లాలి. ప్రశ్నలుంటే నాతో పాటు నడుస్తూ అడగండి.