పదవి దిగేదాకా ఆగాలా?

శారద: నమస్కారం. సిరియా మాజీ అధ్యక్షుడు అసద్‌పై ఫ్రాన్స్ జారీ చేసిన అరెస్టు వారెంటు గురించి ఈసారి మాట్లాడతామని కిందటి భాగంలో చెప్పాం. 2013 నాటి రసాయన ఆయుధాల దాడులకు సంబంధించి 2023 నవంబరులో ఇచ్చిన ఆ వారెంటును, అప్పటికి ఆయన పదవిలో ఉన్నారని, పదవిలో ఉన్న దేశాధినేతకు వేరే దేశపు కోర్టుల నుంచి రక్షణ ఉంటుందని చెప్పి, 2025 జులై 25న ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం రద్దు చేసింది. 2024 డిసెంబరులో ఆయన పదవి పోయింది కాబట్టి కొత్త వారెంటుకు అడ్డు లేదని కూడా చెప్పింది.

వాసు: ఆ తీర్పు సరైనదే, శారద గారూ. కాంగో విదేశాంగ మంత్రిపై బెల్జియం ఇచ్చిన వారెంటు చెల్లదని అంతర్జాతీయ న్యాయస్థానం 2002లోనే తేల్చింది. ఏ దేశపు న్యాయమూర్తి అయినా ఎదుటి దేశాధినేతను పట్టుకోవచ్చంటే శాంతి చర్చలకు ఎవరు వస్తారు?

శారద: పదవి దిగాక పట్టుకుంటామని ముందే చెబితే, దిగకుండా ఉండేందుకు వాళ్లు ఎంతకైనా తెగించరా? పైగా దిగిన తర్వాత మాత్రం పట్టుకుంటున్నారా? చిలీ మాజీ నియంత పినోషే సంగతే చూడండి.

వాసు: ఆయనను పట్టుకున్నారు కదా. స్పెయిన్ న్యాయమూర్తి గార్సోన్ కోరిక మీద 1998 అక్టోబరులో లండన్‌లో అరెస్టు చేశారు. చిత్రహింసల విషయంలో మాజీ దేశాధినేతకు రక్షణ లేదని అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభ న్యాయమూర్తులు 1999లో తీర్పిచ్చారు.

శారద: ఆ తీర్పులోనే నా మనసును కోసే మాట ఉంది. చిత్రహింసలపై చట్టమూ అంతర్జాతీయ ఒప్పందమూ బ్రిటన్‌లో అమల్లోకి వచ్చిన 1988 చివరి నెలల తర్వాతి నేరాలనే లెక్కలోకి తీసుకున్నారు. ఆయనను గద్దెనెక్కించిన 1973 సైనిక తిరుగుబాటు తర్వాత మొదటి సంవత్సరాల్లో మాయమైన వాళ్ల తల్లులకు ఆ తేదీ ఏం చెప్పింది? చివరికి ఆరోగ్యం బాగా లేదని 2000 మార్చిలో ఆయనను వదిలేశారు. చిలీ రాజధాని శాంటియాగోలో దిగగానే ఆయన చక్రాల కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

వాసు: ఆ దృశ్యం తలచుకుంటే నాకూ కోపం వస్తుంది. అయినా, ఆ కేసు తర్వాతే చిలీ కోర్టులు ధైర్యం తెచ్చుకున్నాయి.

శారద: చాద్ మాజీ నియంత హాబ్రే బాధితులకు కూడా ఆ కేసే ధైర్యమిచ్చింది.

వాసు: చాద్‌కు వస్తారని నాకు తెలుసు.

శారద: ఎన్నిసార్లయినా వస్తాను. రాజధాని ఎన్జమేనాలో ఈతకొలనుపై కాంక్రీటు కప్పు వేసి, దానిని నేలమాళిగ జైలుగా మార్చిన పాలన అది. వదిలేసి వెళ్లిన రహస్య పోలీసు కార్యాలయంలో నేల మీద చెల్లాచెదురుగా పడి ఉన్న కాగితాలు 2001లో దొరికాయి. నిర్బంధంలో చంపబడిన లేదా చనిపోయిన 1,208 మంది పేర్లు వాటిలో ఉన్నాయి. ఆ కాగితాలు, ప్రాణాలతో బయటపడిన వాళ్ల పట్టుదల కలిస్తేనే 2016 మే 30న సెనెగల్‌లో హాబ్రేకు యావజ్జీవ శిక్ష పడింది.

వాసు: ఒప్పుకుంటాను. అయితే ఆ విచారణ ఆఫ్రికా సమాఖ్యతో సెనెగల్ చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏర్పడిన ప్రత్యేక న్యాయస్థానంలో జరిగింది. ఏదో ఒక దేశం తనంతట తానుగా నడిపిన కేసు కాదు.

శారద: బాధితులు ఫిర్యాదు చేశాక ఆ న్యాయస్థానం ఏర్పడడానికే పదమూడేళ్లు పట్టింది. అప్పటికి ఎందరు బాధితులు బతికి ఉన్నారు, వాసు గారూ?

వాసు: ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కానీ పదవిలో ఉన్నవారి విషయంలో నా అభిప్రాయం మారదు.

శారద: నాదీ మారదు. జర్మనీలోని కోబ్లెంజ్ కోర్టు సిరియా అధికారికి వేసిన శిక్ష గురించి ఈసారి ఒక్క మాటైనా చెప్పలేదు. వచ్చే భాగం దానితోనే మొదలుపెడదాం.