డియోడాండ్: ప్రాణం తీసిన వస్తువుకు వెల

అందరికీ నమస్కారం. ఈరోజు మన మాట 'డియోడాండ్'. ఇంగ్లిషులో వాడుక పోయింది, న్యాయచరిత్ర చదివేవాళ్లకే తెలుసు.

తెలుగు చెవికి ఇది 'దేవదండన'లా వినబడుతుంది. పొరపాటు అక్కడే జరుగుతుంది. లాటిన్‌లో 'డియో' అంటే దేవుడికి, 'డాండుమ్' అంటే ఇవ్వవలసినది. 'డియుస్' మన 'దేవ' శబ్దానికి చుట్టం, 'డారే' అనే క్రియ మన 'దానా'నికి చుట్టం. దండంతో ఏ సంబంధమూ లేదు. 'డాండుమ్'లో ధాతువు 'డా' ఒక్కటే. తర్వాతి 'ండ్' 'వలసిన' అనే అర్థమిచ్చే ప్రత్యయం. అజెండా అంటే చేయవలసినవి, మెమొరాండం అంటే గుర్తుంచుకోవలసినది, లెజెండ్ అంటే చదవవలసినది. రోజూ పలికే ఈ మాటలన్నిటిలోనూ ఉన్నది ఆ ప్రత్యయమే.

మధ్యయుగపు ఇంగ్లండులో ఎద్దు పొడిచో, బండి కింద పడో మనిషి పోతే, అసహజ మరణాలను విచారించే అధికారి అయిన కరోనర్ జ్యూరీని కూర్చోబెట్టేవాడు. చావుకు కారణమైన వస్తువేదో, దాని వెలెంతో జ్యూరీ తేల్చాలి. ఆ వస్తువో, దాని వెలో రాజుకు చేరాలి, రాజు దాన్ని ధర్మకార్యాలకు వాడాలి. ఆచరణలో ఆ హక్కు చాలాచోట్ల స్థానిక ప్రభువుల చేతికి పోయింది.

చిక్కంతా ఏది వస్తువు అన్నదాని దగ్గరే. 18వ శతాబ్దపు న్యాయకోవిదుడు బ్లాక్‌స్టోన్ చెప్పిన లెక్క చూడండి. ఆగి ఉన్న బండి చక్రమెక్కుతూ జారిపడి చనిపోతే చక్రం ఒక్కటే డియోడాండ్. అదే బండి కదులుతూ మనిషి మీదుగా పోతే, బండీ పోతుంది, అందులోని సరుకూ పోతుంది. ఆ బరువు కూడా దెబ్బను పెంచింది కనుక. క్రమంగా వస్తువు వెనక్కిపోయి, కట్టే డబ్బుకే ఆ పేరు నిలిచింది. జ్యూరీలు చాలాసార్లు నామమాత్రపు వెల కట్టి వదిలేసేవి.

రైళ్లొచ్చాక ఆ పద్ధతి మారింది. 1841 డిసెంబరు 24న ఇంగ్లండులోని సోనింగ్ అనే ఊరి దగ్గర, పట్టాల మీద విరిగిపడిన మట్టిని గుద్దుకుని రైలు ఆగిపోయింది. టాపు లేని పెట్టెల్లో కూర్చున్న మూడో తరగతి ప్రయాణికులు వెనకనున్న సరుకు పెట్టెలకూ ముందున్న ఇంజనుకూ మధ్య నలిగిపోయారు. ఇంజనుకూ పెట్టెలకూ కలిపి జ్యూరీ కట్టిన వెల 1,000 పౌండ్లు. చనిపోయినవాళ్ల కుటుంబాలకు అందులో హక్కుగా ఒక్క పెన్నీ రాదు. మనిషి ప్రాణం పోయినందుకు దావా వేయడానికే వీల్లేదని 1808లో ఒక ఇంగ్లిషు తీర్పు చెప్పింది మరి. నా దృష్టిలో ఈ మాటకున్న అసలు అన్యాయం ఇదే: ఇవ్వవలసినది అని పేరులోనే ఉంది, ఇచ్చింది మాత్రం పోగొట్టుకున్నవాళ్లకు కాదు.

1846లో పార్లమెంటు డియోడాండ్‌ను రద్దు చేసింది. కుటుంబం పరిహారం కోరే హక్కునిచ్చే చట్టం కూడా ఆ ఏడాదిదే. దాని నమూనాలోనే మన దేశానికి 1855లో ప్రాణాంతక ప్రమాదాల చట్టం వచ్చింది. అందులో హక్కుదారులు చనిపోయినవారి భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు.