జలుబే కదా అని బడికి వస్తే

శ్రోతలకు నమస్కారం. మహమ్మారి రోజుల్లో బళ్లలో వైరస్ పాకకుండా ఏం చెయ్యాలి అని అడిగితే చాలు, మాస్కు, శానిటైజరు, దూరం దూరంగా బెంచీలు అని మనందరం ఎక్కంలా అప్పజెప్పేస్తాం. కరోనా పుణ్యమా అని అవన్నీ కంఠతా వచ్చేశాయి. నేను వాటి జోలికి పోను. నాకున్న కాస్త సమయంలో ఒకే ఒక్క తరగతి గది సంగతి చెబుతాను.

అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, మారిన్ కౌంటీ అని, మన జిల్లా లాంటిది ఒకటి ఉంది. అక్కడొక ప్రాథమిక పాఠశాల. 2021 మే నెల. ఆ తరగతిలో 24 మంది పిల్లలు, అందరూ అప్పటికి టీకా వయసు రానివాళ్లే. బడివాళ్లు చెయ్యాల్సినవన్నీ చేశారు. బల్లకీ బల్లకీ మధ్య ఆరడుగుల దూరం. తలుపులు తెరిచే ఉన్నాయి, కిటికీలు తెరిచే ఉన్నాయి. గదిలో ముందువైపు గాలిని వడగట్టే ఫిల్టరు. లోపల అందరికీ మాస్కు తప్పనిసరి. ఇంతకంటే ఏ బడి మాత్రం ఏం చేస్తుంది చెప్పండి!

మే 19న ఆ తరగతి టీచరుకి ముక్కు దిబ్బడేసింది. ఒంట్లో నలతగా ఉంది. ఏదో ఎలర్జీలే అనుకున్నారు. టీకా వేయించుకోలేదు. జలుబే కదా అని బడికి వచ్చారు. పిల్లలకు పుస్తకం పైకి చదివి వినిపించేటప్పుడు అప్పుడప్పుడూ మాస్కు తీసేవారు. 21న పరీక్ష చేయించుకుంటే పాజిటివ్ అని తేలింది.

పిల్లల్లో 22 మందికి పరీక్ష చేశారు. 12 మందికి సోకింది. ఎవరికి సోకిందో చూడండి. టీచరు బల్లకి దగ్గరగా ఉన్న మొదటి రెండు వరుసల్లో పది మంది కూర్చుంటే, ఎనిమిది మందికి. వెనక మూడు వరుసల్లో పద్నాలుగు మంది ఉంటే, నలుగురికి. వంటింట్లో ఎండుమిరపకాయల పోపు మాడితే పొయ్యి దగ్గరున్న వాళ్లకి ముందు పొలమారుతుంది, ఆ తర్వాతే వసారాలో తాతగారు దగ్గుతారు. ఇదీ అంతే. కిటికీ తీస్తే ఘాటు తగ్గుతుంది, నిజమే. కానీ పోపు మాడుతూనే ఉందిగా!

అది కరోనాలో డెల్టా రకం. మరో తరగతిలోకీ పాకింది, పిల్లల ఇళ్లలోకీ వెళ్లింది. టీచరుతో కలిపి లెక్క 27కి చేరింది. అదృష్టం బాగుండి ఎవరూ ఆసుపత్రి పాలు కాలేదు.

అయితే కిటికీలు దండగ అని మాత్రం అనుకోకండి. అదే దేశంలో జార్జియా రాష్ట్రంలో 169 ప్రాథమిక పాఠశాలలను పరిశీలిస్తే, గాలి ఆడే ఏర్పాట్లు మెరుగుపరిచిన చోట కేసులు 39 శాతం తక్కువగా కనిపించాయి. కిటికీ దాని పని అది చేస్తుంది. జలుబుతో వచ్చిన మనిషిని వెనక్కి పంపడం మాత్రం దాని వల్ల కాదు.

మన దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టు 16న, తెలంగాణలో సెప్టెంబరు 1న బడులు మళ్లీ తెరిచారు. నలభై మంది పిల్లలకు వినిపించాలంటే గొంతు పెంచాలి, గొంతు పెంచాలంటే మాస్కు అడ్డం. అది మెల్లగా గడ్డం కిందికి జారేది. చూడని వాళ్లెవరు? గొంతు పెంచినకొద్దీ నోట్లోంచి తుంపరలు ఎక్కువ పడతాయి. టీచర్లను తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. ఉన్న సీఎల్లు, అంటే జీతం కోయని సెలవులు, కాసిని. చాలా ప్రైవేటు బళ్లలో సెలవు పెడితే ఆ రోజు జీతం కట్. అలాంటప్పుడు జలుబే కదా అనుకోక ఏం చేస్తారు?

నలతగా ఉన్నవాళ్లను ఇంటికి పంపే పనిని వందేళ్ల కిందట ఒక నగరం బాగానే చేసింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా విరుచుకుపడ్డప్పుడు అమెరికాలో చాలా ఊళ్లు బడులు మూసేశాయి. న్యూయార్క్ మూయలేదు. ఇరుకు ఇళ్లలో ఉండే పిల్లలకు బడే నయం అన్నారు అక్కడి ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్‌లాండ్. పొద్దున్నే పిల్లలు ఆవరణలో గుమిగూడకుండా నేరుగా తరగతికి వెళ్లాలి. టీచరు ఒక్కొక్కరినీ చూడాలి. ఎవరికైనా నలతగా ఉంటే విడిగా కూర్చోబెట్టి, డాక్టరుకి చూపించి, ఇంటికి పంపాలి.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. ఒంట్లో బాగా లేనివాళ్లు ఇంట్లో ఉండాలి, పిల్లలైనా సరే, టీచరైనా సరే. హాజరు పిలిచేటప్పుడే "ఎవరికైనా గొంతు నొప్పిగా ఉందా? జ్వరం వచ్చిందా?" అని అడగడానికి పైసా ఖర్చు లేదు. టీచరు రాని రోజు ఆ తరగతి ఎవరు చూసుకోవాలో హెడ్‌మాస్టరుగారు ముందే రాసిపెట్టుకుంటే, ముక్కు చీదుకుంటూ రావాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. ఇక ఫుల్ అటెండెన్స్ ప్రైజు. మా చిన్నప్పుడు స్టీలు గ్లాసు ఇచ్చేవారు. ఆ గ్లాసు కోసం జ్వరంతో వచ్చి బెంచీ మీద తల వాల్చేసిన వాళ్లు నాకు తెలుసు. మహమ్మారి ఉన్నన్నాళ్లూ ఆ ప్రైజు పక్కన పెట్టండి. ఇంట్లో ఉండిపోయిన పిల్లలకు ఆ రోజు పాఠం ఏమిటో ఫోనులో పంపండి. పాఠాలు పోతాయన్న టెన్షన్ తగ్గితే, అమ్మానాన్నలే పిల్లల్ని ఇంట్లో ఉంచుతారు.

నమస్కారం.