పిల్లలకి హిట్టింగ్ ఎవరు నేర్పాలి?

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి వినపడుతోందా? సరే, మొదలుపెడదాం.

ఇక్కడున్న నాన్నల్లో చాలామంది క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్ళే కాబట్టి ముందే ఒక మాట చెప్పేస్తాను. పిల్లాడు బేస్‌బాల్ బ్యాట్ పట్టుకుని నిలబడ్డప్పుడు కంచె వెనకనుంచి "గాల్లోకి లేపకురా, కింద ఆడు" అని అరవకండి. క్రికెట్లో ఆ సలహాకి అర్థం ఉంది. ఒకసారి క్యాచ్ ఇస్తే ఇన్నింగ్స్ అయిపోయినట్టే, నేల వెంట ఆడితే ఆ భయం లేదు. ఇక్కడ నేల వెంట కొడితే ఇన్‌ఫీల్డర్ (దగ్గర్లో నిలబడే ఫీల్డర్) తీరిగ్గా అందుకుని ఫస్ట్ బేస్‌కి, అంటే మీవాడు పరిగెత్తి చేరాల్సిన మొదటి చోటుకి, విసిరేస్తాడు, మీవాడు అక్కడికి చేరేలోపే అవుట్. పైగా పిచర్, అంటే బంతి విసిరేవాడు, దిబ్బ మీద (పెద్ద లీగుల్లో 10 అంగుళాల ఎత్తు) నిలబడి విసురుతాడు, బంతి నేలకి తగలకుండా కిందికి దిగుతూ వస్తుంది. దిగే బంతిని బ్యాట్ కూడా పైనుంచి దిగుతూ నరికితే రెండూ ఒక్క చోట కలిసి విడిపోతాయి, ఆ ఒక్క క్షణం తప్పితే ఇంకేం లేదు. అదే బ్యాట్ కొంచెం పైకి లేస్తూ వెళ్తే బంతి దారిలోనే కాసేపు ఉంటుంది, టైమింగ్ కాస్త అటూఇటూ అయినా తగులుతుంది.

ఇది కొత్త సిద్ధాంతమేం కాదు. బేస్‌బాల్‌లో గొప్ప హిట్టర్ టెడ్ విలియమ్స్ ఎప్పుడో చెప్పాడు. 1941లో ఆయన సగటు .406, అంటే పదిసార్లు ఆడితే నాలుగుకి పైగా హిట్లు. ఆ తర్వాత అమెరికాలోని రెండు పెద్ద లీగులు, అమెరికన్ లీగ్‌లో గానీ నేషనల్ లీగ్‌లో గానీ (రెండూ కలిపి మేజర్ లీగ్ అంటారు), ఎవరూ సీజన్ మొత్తానికి .400 అందుకోలేదు. అలాంటివాడు చెప్పినా ఏళ్ళ తరబడి పిల్లల జట్లలో "బంతిని పైనుంచి కిందికి కొట్టు" అన్న పాఠమే నడిచింది. ఎందుకంటే పెద్ద ఆటగాళ్ళు చాలామంది కూడా అదే చెప్పేవాళ్ళు! వాళ్ళ వీడియో స్లో మోషన్‌లో పెట్టి చూస్తే బ్యాట్ పైకే పోతూ ఉంటుంది.

వాళ్ళు అబద్ధం చెప్పట్లేదండీ. గంటకు 90 మైళ్ళకి పైన వచ్చే బంతి దాదాపు 0.4 సెకన్లలో చేరిపోతుంది, అందులో స్వింగ్‌కి పట్టేది సుమారు 0.15 సెకన్లు. ఆ కాస్తలో తన చేతులు ఏం చేశాయో ఎవడికీ కనపడదు, ఒంటికి ఎలా అనిపించిందో అంతే తెలుస్తుంది. చేతులు మరీ కిందికి జార్చే అలవాటున్న ఆటగాడు "కిందికి కొడుతున్నా" అనుకుంటే స్వింగ్ సరిగ్గా దారిలో పడుతుంది. ఆయనకది మందు. ఆ అలవాటే లేని తొమ్మిదేళ్ళ పిల్లకి అదే మాట చెబితే గ్రౌండ్ బాల్స్ (నేల వెంట పోయే బంతులు) తప్ప ఏమీ రావు.

అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది, నేర్పే హక్కు ఎవరిది అని. "నువ్వెంత ఆడావు?" అన్నది మొదటి ప్రశ్న. హిట్టింగ్ కోచ్ చార్లీ లా సంగతి చూడండి. ఆడే రోజుల్లో క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు), కెరీర్ సగటు .255, మామూలు ఆటగాడు. కానీ కాన్సస్ సిటీలో ఆయన చేతిలో పడ్డ జార్జ్ బ్రెట్ 1976లో లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు, 1980లో .390 కొట్టాడు, తనకి నేర్పింది లా అనే చెప్పుకున్నాడు. లా పాఠంలో బరువు వెనక కాలినుంచి ముందుకి రావడం ముఖ్యం, విలియమ్స్ పాఠంలో నడుము తిరగడం ముఖ్యం. ఈ రెండు వర్గాలూ దశాబ్దాలపాటు కొట్టుకున్నాయి. ఇవాళ ఫోన్‌లో తీసిన వీడియో చూసినా తెలిసిపోతుంది: బరువు ముందుకి వస్తుంది, ముందు కాలు బిగుసుకుని ఆపుతుంది, అప్పుడు నడుము, దాని వెనక భుజాలు, ఆఖర్న చేతులూ బ్యాటూ తిరుగుతాయి. రెండూ నిజమే. నాకైతే ఆ పోట్లాటలో సగం ఎవరికి ఏం అనిపించేదన్న దాని గురించే అనిపిస్తుంది.

ఇక గొప్ప ఆటగాడైతే సరిపోతుందా అంటే, 762 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టిన బ్యారీ బాండ్స్ 2016లో మయామీకి హిట్టింగ్ కోచ్‌గా చేరాడు, ఒక్క సీజన్‌తో సరి. విలియమ్సే 1969లో వాషింగ్టన్ జట్టుకి మేనేజర్ (ప్రధాన కోచ్ లాంటివాడు) అయ్యాక ముందటి ఏడు 65 ఆటలు గెలిచిన జట్టు 86 గెలిచింది, ఆహా అన్నారు. (ఆ ఏడే దిబ్బ ఎత్తు 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు, హిట్టర్లందరికీ పండగే, అది కూడా లెక్కలో వేసుకోవాలి.) 1972లో అదే మేనేజర్ కింద, టెక్సస్‌కి మారిన అదే జట్టు 100 ఓడింది.

మన సచిన్ గురువు రమాకాంత్ ఆచ్రేకర్ ఆడిన ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఒక్కటే. ఆ సంగతి క్రికెట్ అభిమానులకి నేను చెప్పక్కర్లేదు.

బేస్‌బాల్‌లోనూ అలాంటి గురువులున్నారు. 2014 మార్చిలో హ్యూస్టన్ జట్టు జె.డి. మార్టినెజ్ అనే హిట్టర్‌ని వదిలేసింది. అంతకుముందు చలికాలమంతా అతను క్రెయిగ్ వాలెన్‌బ్రాక్, రాబర్ట్ వాన్ స్కాయక్‌ల దగ్గర స్వింగ్ మార్చుకున్నాడు. ఇద్దరూ మేజర్ లీగ్ ఆడినవాళ్ళు కాదు. డెట్రాయిట్ తీసుకుంటే ఆ ఏడే .315, 23 హోమ్ రన్లు. 2015లో అన్ని మేజర్ లీగ్ మైదానాల్లో స్టాట్‌కాస్ట్ అనే కొలిచే ఏర్పాటు వచ్చాక బంతి ఎంత వేగంతో, ఏ కోణంలో లేచిందో అంకెల్లో కనపడింది, దాంతో బయటి కోచ్‌ల మాటకి విలువ పెరిగింది. వాన్ స్కాయక్ 2019 సీజన్‌కి డాడ్జర్స్ హిట్టింగ్ కోచ్ అయ్యాడు. అదే 2019 చివర్లో సాఫ్ట్‌బాల్ ఆడి వచ్చిన రేచల్ బాల్కొవెక్‌ని యాంకీస్ జట్టువాళ్ళు తమ మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి కింది మెట్టు) హిట్టింగ్ కోచ్‌గా తీసుకున్నారు.

అలాగని ఆడనివాళ్ళంతా మేధావులేం కారు. ఫోన్, ట్రైపాడ్, పెద్ద పెద్ద మాటలు, గంటకింత అని ఫీజు, చాలామంది దగ్గర ఉన్నది అంతే. ఒక జబ్బు పోయి ఇంకోటి వచ్చింది కూడా, ఇప్పుడు అందరికీ పైకి లేపమనే పాఠం. 2018లో మేజర్ లీగ్‌లో హిట్ల కంటే స్ట్రైకౌట్లు (బంతి కొట్టలేకుండానే అవుటవ్వడం) ఎక్కువయ్యాయి, చరిత్రలో మొదటిసారి. పిచర్ల వేగం పెరగడమూ కారణమే, అది వేరే సంగతి. ఒంట్లో ఇంకా బలం రాని పిల్లాడు పైకి లేపితే బంతి సెకండ్ బేస్ దాటకుండానే ఎవరో ఒకరి గ్లవ్‌లో పడుతుంది. ఇంకోటి, వరసగా నాలుగు ఆటల్లో హిట్ రాకపోతే వచ్చే టెన్షన్, మొహం మీదకి బంతి వచ్చినప్పటి భయం, అవి ఆడినవాడికే తెలుస్తాయి. అక్కడ పాత ఆటగాడి మాటకి విలువ ఉంది.

కేజ్‌కి (నెట్ ప్రాక్టీస్‌కి) తీసుకెళ్ళినప్పుడు కోచ్‌ని గమనించండి. "పురుగుని నలిపినట్టు వెనక పాదం తిప్పు" అని అందరు పిల్లలకీ ఒకేసారి చెబుతున్నాడా? మంచి హిట్టర్ల వీడియోలో నడుము తిరిగితే దాని వెంట వెనక మడమ లేస్తుంది, బంతి తగిలేసరికి పాదం చాలాసార్లు నేల మీద తేలికగా జారుతూనో కాస్త లేచో ఉంటుంది, ఉన్నచోట నలపడం కనిపించదు. పాదాన్ని పట్టుకుని తిప్పితే పాదమే తిరుగుతుంది, నడుము అక్కడే ఉండిపోతుంది. మీవాడి వీడియో చూపించి ముందు ఏం జరుగుతోందో చెప్పమనండి, ఆ తర్వాత ఏం మార్చాలో, ఎందుకో అడగండి. వారం తర్వాత ఆ సలహా పనిచేయకపోతే ఇంకో మాట వెతికేవాడి దగ్గర ఉండండి. "నేను చెప్పినట్టు చెయ్యట్లేదు మీవాడు" అని పిల్లాడి మీదకి నెట్టేసేవాడు .300 కొట్టినా నాకు అక్కర్లేదు.

ఇక ప్రశ్నలు. ఫోన్లో పక్కనుంచి తీసిన వీడియో ఉన్నవాళ్ళు ముందు రండి, స్లో మోషన్ అయితే మరీ మంచిది.